తువ్వాలు విసరనని ఒట్టు

మా తెపీతో పేట గోడల మీద మళ్లీ బాక్సర్ హసింతో బొమ్మ అంటించారు. మనిషికి నలభై నాలుగేళ్లు, ఫొటో మాత్రం ఇరవై నాలుగేళ్ల వయసులోది. కింద ఎర్రక్షరాలు: 'మన పులి తిరిగొస్తోంది!' ఆ పులికి పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాలేదు. రొట్టెల కొట్టావిడ దోన్యా చోలే గుండీలు పెట్టింది. చేతిలో రొట్టె ఉంచి, వేళ్లు తనే మూసి పంపింది. పోస్టరు వేసినవాళ్లకు ఇదంతా తెలియదా? తెలుసు.

హసింతో బజారులో నారింజ పెట్టెలు మోసిన రోజుల నుంచీ నాకు తెలుసు. పగలు బడిలో చరిత్ర చెప్పేవాణ్ణి, సాయంత్రాలు అతని చేతులకు పట్టీలు కట్టేవాణ్ణి. ప్రపంచ చాంపియన్ అయి, బెల్టు తెచ్చి తిన్నగా గుడిలో మేమంతా మొక్కే గ్వాదలూపే తల్లి పాదాల దగ్గర వేలాడదీశాడు. ఆ తర్వాత పేటంతా అతన్ని జ్ఞానతండ్రిని చేసుకుంది. బాప్తిస్మానికి సరే, పండుగ కేకు కొనడానికీ, పెళ్లి జోళ్లు కొనడానికీ కూడా అతనే. ఎవర్నీ కాదనలేదు. నా కూతురికీ జ్ఞానతండ్రే. అందుకే మేమిద్దరం 'కొంపాద్రే' అని పిలుచుకుంటాం. మాలో ఆ వరస నెత్తుటి కంటే చిక్కన. కొంపాద్రేకిచ్చిన మాట తప్పకూడదు.

ఆఖరి టైటిల్ పోరు ముందు అడిగాడు: "చచ్చినా సరే, తువ్వాలు మాత్రం విసరకు, కొంపాద్రే. ఒట్టెయ్యి."

మూలన నిలబడ్డవాడు రింగులోకి తువ్వాలు విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టే, పోరు అక్కడితో ఆగుతుంది. ఆ గ్వాదలూపే తల్లి మీద ఒట్టేశాను. తొమ్మిదో రౌండులో అతని కన్ను వాచి మూసుకుపోయింది. పదకొండులో చేతులు ఎత్తడం మరిచిపోయాడు. తువ్వాలు నా పిడికిట్లో నానిపోయింది. విసరలేదు. "వెనకడుగు వెయ్యలేదురా, మగాడు!" అని జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచీ అతని మాట ముద్దగా వస్తోంది.

"ఒట్టెయ్యమని ఆ తల్లి నిన్నడిగిందా?" అంది నా భార్య ఒతీలియా. అని, కాఫీ కలిపిచ్చింది. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ ప్రశ్న పోలేదు.

పోస్టర్లు అంటించాక, పోటీలు పెట్టే ఉగాల్దే మా ఇంటికొచ్చాడు.

"మూడు రౌండ్లే, మాస్టారూ. ఉత్తుత్తి ఆట. మూలన మీరే నిలబడాలంటున్నాడు."

"డాక్టరు వద్దన్నాడుగా."

"డాక్టరుకి ముందు వరసలో కుర్చీ వేయిస్తాం."

"అవతలి కుర్రాడో?"

"మెల్లిగా కొట్టమని చెప్పాం."

"వాడి చేతులక్కూడా చెప్పారా?"

నవ్వాడు. నేను కాదంటే ఇంకెవడో నిలబడతాడు. సరేనన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, గుడి పండుగ. వీధి మధ్యన రింగు. గ్లవుజుల తాళ్లు బిగిస్తుంటే హసింతో అడిగాడు: "పాత ఒట్టే కదా, కొంపాద్రే?"

"చెయ్యి తిన్నగా పెట్టు," అన్నాను.

ముందు వరసంతా అతని జ్ఞానపుత్రులే. "చంపెయ్, నాన్నా! చంపెయ్!" అని అరుస్తున్నారు. గంట మోగింది. హసింతో లేచి రెండడుగులు వేశాడు, రింగు తాళ్లు తగిలాయి. అవతలి కుర్రాడు అటు లేనే లేడు. జనం నవ్వారు. ఆటపట్టిస్తున్నాడనుకున్నారు.

మొదటి దెబ్బ పడకముందే తువ్వాలు విసిరాను.

అవతలి కుర్రాడు చేతులు దించి, గట్టిగా ఊపిరి వదిలాడు. పేట మొత్తం మీద బుద్ధున్నవాడు వాడొక్కడే కనిపించాడు.

"పిరికి మాస్టారు!" నారింజ తొక్కలు వచ్చి తగిలాయి. "మాటిచ్చి మోసం చేశావ్!" అంటూ ఉగాల్దే నా కాలరు పట్టుకున్నాడు.

"మూలన నిలబడతానన్నాను, నిలబడ్డాను. మీకు పులి కావాలా? మీలో ఒక్కరైనా పొద్దున ఈ మనిషి గుండీలు పెట్టారా? ఆనాడు చప్పట్లు కొట్టి చంపారు, నేను చూస్తూ నిలబడ్డాను. ఇంక నా వల్ల కాదు!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

హసింతో వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఒట్టు తప్పావు."

"తప్పాను."

"నాతో మాట్లాడకు."

మొహం అటు తిప్పేసుకున్నాడు. ఉగాల్దే మనిషొకడు గ్లవుజుల తాళ్లు విప్పబోతే హసింతో మోచేత్తో తోసేశాడు. కాసేపటికి, నా వైపు చూడకుండానే, రెండు చేతులూ నా ముందుకు చాపాడు.

ముడి బాగా బిగుసుకుంది. పళ్లతో విప్పాను.