పరుగు ఫొటో

ఆటల పీరియడ్ తప్పనిసరి అంది ప్రభుత్వం. రుజువుగా రోజూ యాప్‌లో ఫొటో పంపాలంది. ఫొటో దిగాక పిల్లల్ని లెక్కల క్లాసుకి తోలెయ్యమన్నారు హెడ్మాస్టరు. డ్రిల్లు మాస్టారు గంగిరెద్దులా తలూపారు. ఆయనకి కోపం రావడం మానేసి చాలా కాలమైంది.

పిల్లలంతా సున్నం గీత మీద ఒక కాలు ముందుకేసి, పరిగెడుతున్నట్టు నిలబడ్డారు. మాస్టారు ఫోన్ ఎత్తి, అలవాటు కొద్దీ విజిల్ ఊదారు. చివర నిలబడ్డ పిల్ల ఒక్కతే రివ్వున దూసుకుపోయింది. ఫొటోలో మసకగా పడింది. సరిగా లేదని యాప్ తిప్పికొట్టింది.

"ఎందుకే పరిగెత్తావు?"

"మీరు విజిల్ వేశారుగా మాస్టారూ!" అంది పిల్ల, రొప్పుతూ.

ఆయన మెళ్ళోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నారు.

"ఇంకెప్పుడూ వెయ్యన్లే. కదలకు తల్లీ."