ఆగని చక్రం మీద ఒక సమీక్ష

ఆమె వృత్తి లిఫ్టులు బాగుచేయడం. పంతొమ్మిదేళ్లుగా మేడల నెత్తిన ఉండే మోటారు గదుల్లో గ్రీజు పూసుకుని బతికిన మనిషి. పైకి లేచే ప్రతిదాని వెనకా కిందికి దిగే బరువొకటి ఉండాలన్న సంగతి ఆమెకు పుస్తకం చూడకుండానే తెలుసు. ఇంటా బయటా అందరూ ఆమెను లిఫ్టమ్మ అనేవారు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూతపెట్టాక ఆమె ఫోనులో ఒక సైటు తెరిచేది. అందులో ఎవరైనా గీతలు గీసి, చక్రాలూ బంతులూ తాళ్లూ తగిలించి బొమ్మ తయారుచేయవచ్చు. మీట నొక్కితే ఆ బొమ్మ బరువు, రాపిడి లెక్కల ప్రకారం కదులుతుంది, పడుతుంది, విరుగుతుంది. దాన్ని నలుగురికీ చూపిస్తే, లిఫ్టమ్మ లాంటి సమీక్షకులు బాగోగులు చెప్పాలి. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం కావలసినన్ని.

మొదట్లో ఆమె ఉన్నదున్నట్టు రాసేది. ఒకాయన కట్టిన వంతెన పది లారీలెక్కినా చెక్కుచెదరలేదని జనం చప్పట్లు కొడుతుంటే, "మీ వంతెన కూలదు. ఎందుకంటే దాన్ని ఆకాశానికి మేకు కొట్టారు" అని రాసింది. వంతెనాయన అలిగి అన్నం మానేశాడట. వెంటనే నిర్వాహకుడి నుంచి తాఖీదు వచ్చింది: సమీక్ష నిర్మాణాత్మకంగా ఉండాలి. ముందు నాలుగు మంచి మాటలు, మధ్యలో ఒక చిన్న సూచన, చివర మళ్లీ మంచి మాటలు. "సూచన" అనాలి, "తప్పు" అనకూడదు. చేదు మాత్రకు ఎంత తేనె పూయాలంటే, మింగినవాడికి మాత్ర మింగానన్న సంగతే తెలియకూడదు.

ఇలా ఉండగా ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"విన్నావా? మీ బావ కొత్త సంగతి కనిపెట్టారు."

"ఏం కనిపెట్టారే?"

"చక్రమే! ఒక్కసారి తోస్తే ఇంక ఆగదట. మీ సైటులోనే పెట్టారు. నాలుగు వేల మంది మెచ్చుకున్నారు. సొంత మరదలివి, నువ్వు మాత్రం నోరు మెదపలేదని చిన్నబుచ్చుకున్నారు."

బావ బడిలో ఫిజిక్స్ మాస్టారు. శక్తిని సృష్టించలేము, నాశనం చేయలేము అని ఇరవై రెండేళ్లుగా ఏటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీసే మనిషి. ఆ గీతలు పిల్లల కోసమే గీశాడు కాబోలు, తన కోసం కాదు.

లిఫ్టమ్మ బొమ్మ తెరిచి చూసింది. నీలం చక్రం, చుట్టూ ఎనిమిది గూళ్లు, గూటికొక ఎర్ర గోళీ. మీట నొక్కగానే గోళీలు టకటకా గూటి గోడల్ని కొడుతూ చక్రాన్ని తిప్పసాగాయి. పది నిమిషాలు గడిచినా ఆగలేదు సరికదా, వేగం పుంజుకుంది. ఆమె ఒక గోళీ మీద వేలు పెట్టి సెట్టింగులు చూసింది. ఎగురుడు: ఒకటి పాయింట్ రెండు. అంటే వంద వేగంతో గోడకు తగిలిన గోళీ నూట ఇరవైతో వెనక్కొస్తోంది. అలాంటి గోళీ ఎక్కడైనా దొరికితే ప్రపంచంలో ఉన్న లిఫ్టు మోటార్లన్నీ పీకేసి తను హాయిగా ఇంట్లో పడుకోవచ్చు.

"బావా, ఇక్కడ తిరిగింది చక్రం కాదు, సెట్టింగు" అని రాసి పంపింది. నిర్వాహకుడు గంటలో తిప్పిపంపాడు. నిర్మాణాత్మకంగా లేదట.

సరే కానిమ్మని మళ్లీ రాసింది. ఈసారి చేయి తిరిగినవాళ్లు రాసిన సన్మానపత్రంలా వచ్చింది:

"మాన్యులైన మాస్టారికి నమస్కారాలు. మీ రంగుల ఎంపిక కన్నుల పండువగా ఉంది. చక్రం తిరుగుతుంటే చూపు తిప్పుకోలేకపోయాను. ఇంత ఓపికగా గోళీలు అమర్చినవారిని ఈ సైటులో చూడలేదు. ఒక చిన్న సూచన: ఎగురుడు విలువ ఒకటికి మించి ఉండడం వల్ల, గోడను తాకిన ప్రతిసారీ గోళీలకు లేని శక్తి వచ్చి చేరుతోంది. చక్రాన్ని తిప్పుతున్నది ఆ దొంగ శక్తే. విలువ సరిచేస్తే ఇది మూడు చుట్లలో ఆగిపోతుంది. ఏమైనా మీ ఊహకు జోహార్లు. ఇలాంటివి మరెన్నో చేయాలని ఆకాంక్ష."

నిర్వాహకుడు దీన్ని ఆ నెల ఉత్తమ సమీక్షగా ప్రకటించాడు.

మాస్టారు రెండో వాక్యం దాకా చదివాడు. మూడోది కూడా చదివాడేమో గాని, ఆపైన కళ్లు చెమర్చి అక్షరాలు అలుక్కుపోయాయని అక్క చెప్పింది. కాగితం మీద అచ్చు తీయించి బీరువా తలుపుకు అతికించుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. బడిలో సైన్సు ప్రదర్శనకు నిజం చక్రమే చేయిస్తానని వడ్రంగిని పిలిచాడు.

ఈ సంగతి తెలిసి లిఫ్టమ్మ పని దుస్తుల్లోనే అక్కావాళ్లింటికి పరుగెత్తింది. ముందుగదిలో మాస్టారు సైకిల్ చక్రానికి చెక్క గూళ్లు బిగించుకుంటున్నాడు.

"బావా, ఇది తిరగదు."

"నువ్వే కదమ్మా చూపు తిప్పుకోలేకపోయానన్నావు?"

"అది బొమ్మ. అందులో గోళీల ఎగురుడు ఒకటి పాయింట్ రెండు పెట్టారు మీరు."

"ఒకటి పెడితే నీరసంగా కనిపించింది. అందుకని కాస్త హుషారు పెంచా. అది సెట్టింగే కదా."

"మరి ఈ గాజు గోళీలకి సెట్టింగు ఎక్కడుందో చూపించండి."

మాస్టారు గోళీని పైకెత్తి దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే వెతికాడు. తర్వాత గోళీని గూట్లో వేసి, "నీకు లిఫ్టులు తెలుసు, కాదనను. సిద్ధాంతం వేరు" అన్నాడు. అక్క వంటింట్లోంచి, "ఒక్క మంచి మాట అనడం నీకు చేతకాదే!" అని అరిచింది. లోపల బీరువాకు అతికించి ఉన్నవన్నీ తన మంచి మాటలేనని లిఫ్టమ్మకు చెప్పబుద్ధి కాలేదు.

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. ప్రధానోపాధ్యాయురాలు, పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, మిగతా టీచర్లు చక్రం చుట్టూ మూగారు. లిఫ్టమ్మ తలుపు దగ్గర నిలబడింది. మాస్టారు గొంతు సవరించుకుని చక్రాన్ని తోశాడు. గోళీలు గలగలలాడాయి. ఒకటి, రెండు, మూడు, మూడున్నర. చక్రం ఒకసారి వెనక్కి ఊగి నిలిచిపోయింది.

"మాస్టారూ, ఆగినట్టుందే" అంది ప్రధానోపాధ్యాయురాలు.

"ఆగలేదండీ, కుదురుకుంటోంది."

మళ్లీ తోశాడు. మళ్లీ మూడున్నర. మూడోసారి చిటికెన వేలితో దొంగచాటుగా ఎగదోస్తుంటే ముందువరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారి ముఖం కందిపోయింది. బీరువా నుంచి ఊడదీసి తెచ్చుకున్న కాగితం జేబులోంచి తీశాడు.

"చెక్క పనిలో ఏదో లోపం ఉండొచ్చు. నా సిద్ధాంతం గురించి నిపుణులు ఏమన్నారో వినండి" అని గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. రంగుల ఎంపిక దగ్గర తల పంకించాడు. ఓపిక దగ్గర గొంతు పెంచాడు. అదే ఊపులో, "చక్రాన్ని తిప్పుతున్నది ఆ దొంగ శక్తే!" అని హాలు మారుమోగేలా చదివేశాడు.

చదివాక విన్నాడు.

తర్వాతి వాక్యం పెదవులతోనే చదువుకున్నాడు. మూడు చుట్లు. హాల్లో మొదట ఒకరు, తర్వాత నలుగురు, ఆ తర్వాత అందరూ నవ్వారు. ప్రధానోపాధ్యాయురాలు మర్యాద కోసం దగ్గు తెచ్చుకుంది.

జనం పోయాక మరదలు చక్రం స్టాండు స్క్రూలు విప్పుతుంటే బావ గోళీలు ఏరి డబ్బాలో వేశాడు.

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు డబ్బా మూత పెట్టి.

"చెప్పాను కదా బావా. ఒకసారి రాసి, ఒకసారి మొహాన."

"మొహాన చెప్పినప్పటికి నేను పొగడ్త మత్తులో ఉన్నాను. ఆ మత్తు పోసింది ఎవరు?"

లిఫ్టు తాడు తెగేలా ఉంటే, 'మీ లిఫ్టు అద్దాలు బ్రహ్మాండం' అని ఆమె ఏనాడూ మొదలుపెట్టలేదు. ఆ మర్యాద ఇక్కడెందుకు పాటించినట్టు? ఉత్తమ సమీక్ష అని రాగానే ఆమె కూడా ఆ పేజీని మూడుసార్లు తెరిచి చూసుకుంది మరి.

"తప్పు నాదే" అంది.

"సగం" అన్నాడు మాస్టారు. "మిగతా సగం నా బోర్డు మీదే ఉంది."

ఆ వారమే అతను ఎగురుడు తగ్గించి బొమ్మను మళ్లీ సైటులో పెట్టాడు. అది మూడు చుట్లు తిరిగి ఆగింది. మెచ్చుకున్నవాళ్లు ఆరుగురు. ఒకడైతే, "పాడుచేశారు, పాతదే బాగుంది" అని రాశాడు. లిఫ్టమ్మ సైటుకు రాజీనామా పంపి, తన అభిప్రాయాన్ని బావకు ఫోన్లోనే చెప్పింది: "ఇరుసు దగ్గర రాపిడి మరీ తక్కువ పెట్టారు. సరిచేయండి." మాస్టారు రెండు తిట్లు తిట్టి, సరిచేశాడు.

సోమవారం చెక్క గూళ్ల చక్రాన్ని క్లాసుకు మోసుకెళ్లి, మళ్లీ బిగించి బల్ల మీద పెట్టాడు. తోశాడు, పిల్లల చేత చుట్లు లెక్కపెట్టించాడు.

"ఆగిపోయింది కదా. ఇందాక ఇందులో ఉన్న శక్తి ఎటు పోయింది?"

ఇరుసులోకి అన్నారు కొందరు. గాలిలోకి, చప్పుడులోకి అన్నారు ఇంకొందరు. వెనక బెంచీ అమ్మాయి లేచి, "మీ పరువు పోయిన దారినే పోయింది సార్" అంది.

మాస్టారికి నవ్వు రావడానికి కాస్త సమయం పట్టింది గాని, వచ్చింది. చాక్‌పీస్ తీసుకుని, "సరే, అదీ రాసుకుందాం. ముందు ఇరుసుతో మొదలుపెడదాం" అన్నాడు.