అమ్మకానికి కాని ఇల్లు

పరుపు ఇంకా బండి మీదే ఉంది. భూమిపుత్రుడొకడు చెప్పులు కూడా విప్పకుండా దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

"సామాను దింపుడు రుసుం యాభై వేల నైరా. కట్టందే పరుపు కదల్దు" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

లేగోస్‌లో భూమిపుత్రులంటే భూమి దున్నేవాళ్ళు కారు. ఎవరు పునాది తవ్వినా, ఎవరు రేకులు కప్పినా తాత పేరు చెప్పి చెయ్యి చాచేవాళ్ళు. సిగ్గుకి కూడా రుసుం పెట్టి అమ్మేసుకున్న జాతి.

అబొసెడెకి ఒళ్ళు మండిపోయింది. పందొమ్మిదేళ్ళు పొగగూట్లో చేపలు కాల్చి అమ్మిన మనిషి. పొద్దున్నే పాత గది తాళంచెవి యజమానికిచ్చి వచ్చింది. బండి కదలకముందే ఆ గదిలో ఇంకో కుటుంబం దిగిపోయింది. తొంభై లక్షలు పోసి కొన్న ఈ రెండు గదులు తప్ప ఇక తలదాచుకునే చోటు లేదు.

గుమ్మానికి అడ్డంగా, వెంట తెచ్చుకున్న ప్లాస్టిక్ కుర్చీలో చీఫ్ లమీది కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. గంజి పెట్టిన తెల్లటి అంగీ, మెడలో పగడాల దండ. ఒకే బురదనేలని ముగ్గురికి అమ్మినందుకు వచ్చిన బిరుదు కాబోలు, చీఫ్!

"మా తమ్ముడు రఫీయు తొందరపడి అమ్మేశాడమ్మా. కుటుంబం ఒప్పుకోలేదు. ఇంకో ముప్పై లక్షలిస్తే అందర్నీ నేను సర్దుతాను" అన్నాడు తీయగా.

కొత్త వంతెన ఇటే వస్తుందని పోయిన వారమే పుకారు పుట్టింది. కుటుంబానికి అభ్యంతరం కూడా అప్పుడే పుట్టింది.

"కొన్న రోజున, బేరం ఖాయమైందని కోలాకాయ విరిచిందెవరు చీఫ్ గారూ? మేం తెచ్చిన జిన్ను సీసా మూత తీసిందెవరు? కాగితం మీద మొదటి సంతకం మీదే కదా!"

"దాహమేసింది, తాగాను. సాక్షిని గనక సంతకం పెట్టాను. ఒప్పుకున్నానని ఎవరన్నారు?"

బండి చుట్టూ ఉన్న కుర్రాళ్ళు పళ్ళికిలించారు. తిండి పెట్టేవాడు నోరు తెరిస్తే నవ్వడం వాళ్ళ ఉద్యోగం.

"అయినా నీకు చదువు రాదా చేపలమ్మా? అదిగో, గోడ మీద మూరెడేసి అక్షరాలు!"

'ఈ ఇల్లు అమ్మకానికి కాదు.' ఎర్ర రంగు. మొదటిరోజే అబొసెడె చూసింది. దొంగ అమ్మకాలకి భయపడి ఈ ఊళ్ళో ప్రతి గోడ మీదా ఆ మాటే రాస్తారని, అది పట్టించుకుంటే జన్మలో ఇల్లు కొనలేరని బ్రోకరు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. సున్నం ఖర్చు దండగని ఆ అక్షరాల్ని అలాగే ఉంచేసింది.

భర్త కమోరు ఆమె చెవిలో గొణిగాడు. "కాళ్ళు పట్టుకుందామే. వాయిదాల్లో ఇస్తామందాం. రేకులు పీకేస్తారు వీళ్ళు."

"నీ పిరికితనం తగలెయ్య! ఇవాళ ఇస్తే రేపు మళ్ళీ రారా?"

ఆమె చీఫ్ వైపు తిరిగింది. వీధిలో జనం పోగయ్యారు.

"నాకు చదువొచ్చండీ. గోడ మీది మాట నిజమేనంటారా?"

"అక్షరాలా నిజం."

"మరి అమ్మకానికి కాని ఇంటికి ముప్పై లక్షల బేరమేంటండీ?"

ఎదురింటి ముసలమ్మ ఫక్కున నవ్వింది. తర్వాత వీధంతా నవ్వింది. చీఫ్ మొహం మాడిపోయింది.

"నోరు లేస్తోందే! పైకప్పు ఉంటేనే ఇల్లు, గుర్తుంచుకో."

"కాళ్ళు తియ్యండి."

తియ్యలేదు. పెద్దమనిషి కాళ్ళు దాటితే ఆ పాపం దాటినవాళ్ళకే చుట్టుకుంటుందని అబొసెడెని పెంచినవాళ్ళు చెప్పారు. ఈయన పెద్దమనిషా? ఆమె చేపల గంప నెత్తికెత్తుకుంది, నడుముకి చుట్టుకున్న గుడ్డ మోకాళ్ళ దాకా ఎగదోసింది, ఆ కాళ్ళని దాటి లోపలికెళ్ళింది.

వీధిలో నవ్వు టక్కున ఆగిపోయింది.

"కమోరూ, పొయ్యి పట్రా" అని లోపల్నుంచి కేకేసింది.

కమోరు పొయ్యి ఎత్తుకుని కుర్చీ ముందు నిలబడ్డాడు. ఒక్క క్షణం చీఫ్ కాళ్ళ వైపు చూశాడు. తర్వాత అతనూ దాటాడు.

పుల్లలు అంటుకునే వేళకి గోడకి నిచ్చెన ఆనించిన చప్పుడు వినిపించింది. అబొసెడె తలెత్తకుండా మొదటి చేపని పొగ మీద పెట్టింది.