రాత్రికి రెండు గోలీలు

టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడు దుకాణంల ర్యాకులు జర తుడిచిపొమ్మని మా ఆయన జితేందర్ ఫోన్ చేసిండు. ఆర్మూర్ల మా మెడికల్ దుకాణం నా సర్టిఫికెట్ మీదనే నడుస్తది. సంబంధం మాట్లాడిన నాడే మా అత్త, "పిల్ల ఫార్మసీ చదివిందంట, లైసెన్సుకు అక్కరకొస్తది" అన్నది. అక్కరకైతే వచ్చిన. పదకొండేండ్లాయె, గోలీలు అమ్మేది ఆయన, దుమ్ము దులిపేది నేను. గిరాకి ముందట నోరు తెరిస్తే, ఇంట్ల పని లేదా అంటడు.

తుడుస్తుంటే శాంతవ్వ మందుల చీటీ కనవడ్డది. పక్కన పెర్కిట్‌ల ఉండే ముసలామె, షుగరు, గుండె జబ్బు. అరికాళ్ల మంటలకు డాక్టరు నార్ట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములది, రాత్రికి రెండు రాసిండు. గా మందు మా దగ్గర అయిపోయి పది రోజులైంది. మరేమిచ్చిన్రని ఆయనను అడిగిన.

"గదే జాతిది. అమిట్రిప్టిలిన్, డెబ్బై అయిదు. మొన్న ఇచ్చిన. అన్నీ ఒక్కటే గదా."

"రాత్రికి ఎన్ని ఏసుకొమ్మన్నరు?"

"చీటీల ఉన్నట్టే. రెండు."

ఇరవై మిల్లీగ్రాములు పడాల్సిన పాణానికి నూటయాభై. ఒక్క కుటుంబం గోలీలే, కాదన. నార్ట్రిప్టిలిన్ జర నిమ్మళం, మత్తు తక్కువ, లేసి నిలవడితే బీపీ గంతగనం పడది. అమిట్రిప్టిలిన్ మత్తుల ముంచుతది, నోరు ఎండగొడ్తది, మూత్రం ఆపుతది. మోతాదు దాటితే రెండిట్ల ఏదైనా గుండె మీదనే పడ్తది. పరీక్షల గిదంత రాసి ఫస్టుక్లాసు తెచ్చుకున్న, ఏం ఫాయిదా.

శాంతవ్వ కోడలు భాగ్యలక్ష్మికి ఫోన్ కొట్టిన. అత్త నిన్నటి సంది పండుకునే ఉన్నది, లేపితే ఏదేదో గునుగుతున్నది, లేవబోయి పడ్డది అన్నది. జల్ది 108కు ఫోన్ చెయ్యి, నేను దవాఖానకాడికి వస్తున్న అన్న.

చెప్పులేసుకుంటుంటే మా ఆయన అడ్డమొచ్చిండు. "డాక్టరు అడిగితే గోలి ముచ్చట ఎత్తకు. ముసలిది, బీపీ పడ్డదని చెప్పు. లైసెన్స్ నీ పేరు మీదుంది, జైలుకు పోయేది నువ్వే."

ఆటోల కూసున్న. ఆయన చెప్పింది అబద్ధం కాదు. తప్పు ఆయనది, పేరు నాది. పోలీసులు వస్తే బడి నుంచి నా బిడ్డ అక్షితను ఎవరు తెస్తరు? మా అత్త నలుగుర్ల ఏమంటది? ఆటో వెనుకకు తిప్పమని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. సిగ్గిడిసి చెప్తున్న, నిజంగనే వచ్చింది.

దవాఖానల శాంతవ్వ పెదవులు ఎండి పగిలి ఉన్నయి. భాగ్యలక్ష్మి ఉరికొచ్చి నా చెయ్యి వట్టుకున్నది. "నువ్వొచ్చినవు వదినె, ఇగ నాకు ఫికర్ లేదు" అన్నది. డాక్టరమ్మ ఈసీజీ కాయితం చూస్తూ, కొత్తగ ఏమన్న మందు పడ్డదా అని అడిగింది. ఏం లేదు మేడం, ఎప్పటియే అన్నది భాగ్యలక్ష్మి. పాపం, ఆమెకేం ఎరుక.

నేను డాక్టరమ్మ దిక్కు తిరిగిన.

"అమిట్రిప్టిలిన్, మేడం. డెబ్బై అయిదు. రెండు రాత్రులు, రెండేసి. మా దుకాణంలనే ఇచ్చినం. ఫార్మసిస్టును నేనే."

భాగ్యలక్ష్మి నా చెయ్యి ఇడిసిపెట్టింది.