లొంగని సంఖ్య

సొన్నప్ప మిల్లింగ్ మిషను ఆపి, గేరు ఆఖరి పన్ను మీద బొటనవేలు నడిపి చూశాడు. నూట ఇరవై ఏడు పళ్ళు, అన్నీ ఒకే మందం. బొమ్మసంద్రలోని ఈ చిన్న వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పని ఇదే. గోళ్ళ కింద నూనె మరక ఇక ఏ సబ్బుకూ పోదు.

చేరిన ఏడాది ఇలాంటి గేరునే ఒకదాన్ని పాడుచేశాడు. నూట ఇరవై ఏడును ఏ సంఖ్యా సమంగా పంచదు; అలాంటి ప్రధాన సంఖ్యల్ని ఆయన లొంగని సంఖ్యలంటాడు. అందుకని ఆయన లెక్కను ఇంచుమించుగా సరిపెట్టేశాడు. పన్ను పన్నుకీ వెంట్రుకవాసి తేడా పోగుపడి, చివరిది సగమే మిగిలింది. ఆ గేరు ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగరకుండా. ఓనరు తిట్టిన తిట్లను సొన్నప్ప మరిచిపోయాడు గానీ, ఆ సంఖ్య మొండితనం ఆయన్ను పట్టుకుని వదల్లేదు.

ఒకటిని ఏడుసార్లు రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే నూట ఇరవై ఏడు. ముప్పై ఒక్కసార్లు రెట్టించి తీసేస్తే 2,14,74,83,647. ఇంత పెద్దదీ ఎవరికీ లొంగదా? పదో తరగతి తప్పిన మనిషికి ఈ బెంగ ఏమిటో ఇంట్లో భార్య సుశీలకు కూడా అంతుపట్టలేదు. తేల్చుకోవాలంటే దాని వర్గమూలం దాకా, అంటే నలభై ఆరువేల పైచిలుకు దాకా ఉన్న లొంగని సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలు. అవి 4,792. మధ్యాహ్నం సంగటి తిన్నాక రోజుకొకటి చొప్పున లెక్కల పుస్తకంలో చేసుకుంటూ పోతే పదహారేళ్ళు పట్టింది. ఇవాళ ఒక్కటే మిగిలింది. 46,337.

కడప నుంచి వచ్చిన ఇంజినీరు హర్షిత, చేరిన వారంలోనే ఫోనులో చూసి, అది లొంగదని ఎప్పుడో తేల్చేశారని చెప్పేసింది. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"నువ్వు చూసినావు తల్లీ. నేనింకా చూడలేదు గదా," అన్నాడు.

అప్పుడు నవ్వుకున్న పిల్ల, ఇవాళ తన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది. పెన్సిలు మెల్లగా కదులుతోంది. పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి లాగుతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. చివరి తీసివేత దగ్గర ఆగి కళ్ళు నులుముకున్నాడు.

"మసకగా ఉండాది. నువ్వు చెయ్యమ్మా."

హర్షిత ఫోను తీయబోయింది.

"దాంట్లో వద్దు. చేత్తో చెయ్యి."

జవాబు ఆమెకు తెలుసు. అయినా పెన్సిలు అందుకుంది. చిన్నప్పటిలా అప్పు తెచ్చుకుంటూ ఒక్కొక్క అంకె రాసింది. 41,719. శేషం మిగిలింది.

సొన్నప్ప పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తాను పుట్టకముందు నుంచీ, ఈ ఊరు లేనప్పటి నుంచీ ఆ సంఖ్య ఇలాగే ఉంది. చెక్కు చెదరలేదు, తను పోయాకా చెదరదు. ఆ శేషం మీద బొటనవేలు నడిపి చూశాడు.

"లొంగలేదప్పా," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

హర్షిత టీ తేవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన రోజూలాగే చేతుల మీద తల వాల్చి ఉన్నాడు. షిఫ్టు గంట మోగినా లేవలేదు. ఆమె భుజం తట్టింది, మళ్ళీ తట్టింది. టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

అందరూ ఆయన్ను మోసుకుని వెళ్ళాక, ఫ్యాను గాలికి పుస్తకంలో పేజీలు రెపరెపలాడాయి. ఆఖరి పేజీ మాత్రం కదల్లేదు, దాని మీద ముప్పై నాలుగేళ్ళ కిందటి గేరు బరువుగా కూర్చుని ఉంది, సగం పన్నుతో.