తమ్ముడి శిరస్త్రాణం

నా తమ్ముడు సీఫ్రీడ్ శిరస్త్రాణాన్ని తాకింది నేనే. చూసి, ఎంచి, అరచెయ్యంతా ఆనించి మరీ తాకాను.

గుర్రాలెక్కి ఆడే బల్లెపు పోటీలకు ముందురోజు దొరలందరి శిరస్త్రాణాలూ మఠం వసారాలో వరసగా పెడతారు. మా ఇళ్ళ ఆడవాళ్ళం వాటి ముందునుంచి నడుస్తాం. మాలో ఎవరు దేన్ని తాకితే దాని యజమాని మీద ఫిర్యాదు ఉన్నట్టే. మాట తప్పినా, వ్యాపారం చేసినా, తక్కువ ఇంటి పిల్లను పెళ్ళాడినా, తప్పని తేలితే తోటి దొరలే దుడ్డుకర్రలతో చావబాదుతారు. గుర్రం లాక్కుంటారు. జీను కంచె మీద వేసి, సాయంత్రం దాకా దానిమీద కూర్చోబెడతారు. వచ్చేపోయేవాళ్ళంతా నవ్వుతారు.

సీఫ్రీడ్ చేసిన తప్పు ఆఫ్రా. పట్నంలో బట్టల వర్తకుడి కూతురు. అది వచ్చినప్పటినుంచి మా కోటలో భోజనానికి నాకంటే ముందు దానికి వడ్డించేవారు. ఐదేళ్ళు ఆ తతంగం చూస్తూ మింగాను. ఒక చలికాలం నాకు మంచి ఉన్నిశాలువా నేయించి ఇచ్చింది. దాన్ని వేటకుక్కకు పరిచాను. అయినా ఆ మనిషి "వదినగారూ, వదినగారూ" అంటూ నవ్వుతూనే ఉండేది. ఆ నవ్వే నాకు కంపరం. తమ్ముడు నాలుగు దెబ్బలు తింటే దీని తల కాస్త వంగుతుందనుకున్నాను.

విచారణకు కర్రలు పట్టుకుని పన్నెండుమంది సీఫ్రీడ్ చుట్టూ నిలబడ్డారు. కిందటేడు అలా దెబ్బలు తిన్న ఒక ముసలి దొర పదిరోజులు నెత్తురు కక్కి పోయాడు. సీఫ్రీడ్ అది కళ్ళారా చూశాడు.

"ఏమయ్యా సీఫ్రీడ్ దొరా, బట్టలమ్ముకునేవాడి కూతుర్ని పెళ్ళాడావట. నిజమేనా?" అని పోటీల పెద్ద అడిగాడు.

మా చిన్నాన్న కొడుకు డీపోల్డ్ అందుకున్నాడు. "పెళ్ళేమిటండీ, ఉంచుకున్నాడంతే! అది కూడా తప్పయితే మనలో సగంమంది కంచెల మీదే కాపురం పెట్టాలి."

అందరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెళ్ళి లేదంటే వాళ్ళ నాలుగేళ్ళ కొడుకు వెండెల్ సీఫ్రీడ్‌కు వారసుడు కాడు. సీఫ్రీడ్ తర్వాత కోట డీపోల్డ్‌దే. మా తమ్ముడికి మాత్రం కర్రలు తప్ప ఏమీ కనిపించలేదు.

"అవునండీ. ఉంచుకున్నదే" అన్నాడు.

ఆఫ్రాను పిలిపించి అడిగారు. ఆమె కర్రల వంక చూసింది, మొగుడి వంక చూసింది. వాడు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"నాకు పెళ్ళి కాలేదు దొరా" అంది.

"మరి పెళ్ళయినవాళ్ళు కట్టే తలగుడ్డ నీకెందుకే?" అని ఆడవాళ్ళలోంచి ఎవరో అరిచారు. నేనే ముందుకు వెళ్ళి దాన్ని లాగేశాను. పిన్నులతోపాటు కాస్త జుట్టు కూడా ఊడొచ్చింది. హాయిగా అనిపించింది, దాచుకోవడం దేనికి?

మర్నాడు సీఫ్రీడ్ బరిలోకి దిగాడు. మూడో పందెంలో ఎదుటివాడి విరిగిన బల్లెం చెక్క శిరస్త్రాణం సందులోంచి కంట్లోకి దిగింది. రెండురోజులు బతికాడు. "ఆఫ్రా నా పెళ్ళాం, రాసుకోండిరా" అని అరుస్తూనే ఉన్నాడు. జ్వరంలో ఉన్నవాడి మాట రాయకూడదన్నాడు లేఖకుడు.

వారసత్వం దొరల సభకు వెళ్ళింది. పెళ్ళి చేసిన పాదిరి అప్పటికే పోయాడు. వర్తకుల సాక్ష్యం మా సభలో చెల్లదు. పెళ్ళిరోజు చర్చి గుమ్మంలో నిలబడ్డ దొరల ఇంటి మనిషిని నేనొక్కదాన్నే.

సభకు ముందు డీపోల్డ్ వచ్చాడు. "అక్కా, నీ గది నీదే, నీ తిండి నీదే, బతికినంతకాలం. నోరు జారావో, సన్యాసినుల మఠంలో బార్లీ గంజి తాగుతూ కూర్చుంటావు. నీ ఇష్టం."

ఆఫ్రా కూడా వచ్చింది, తలగుడ్డ లేకుండా. నా కాళ్ళ దగ్గర కూలబడింది. "వదినగారూ, నన్నెన్ని మాటలైనా అనండి, పడతాను. వెండెల్ మీ తమ్ముడి కొడుకు. ఆ రోజు నా చెయ్యి పట్టి ఆయన చేతిలో పెట్టింది మీరేగా? ఆ ఒక్కమాట చెప్పండి చాలు."

నిజమే. నేనే పెట్టాను.

సభలో పెద్దాయన అడిగాడు. "పెళ్ళి జరిగిందా అమ్మా?"

"నేనైతే చూడలేదండీ."

ఆయన కనుబొమలు ముడిచాడు. "మరి ఆ రోజు శిరస్త్రాణం ఎందుకు తాకావు? పెళ్ళాడాడనేగా?"

"వెనకనుంచి ఎవరో తోశారండీ. చెయ్యి తగిలింది."

నమ్మారు. సొంత తమ్ముణ్ణి ఏ అక్కయినా కావాలని పట్టిస్తుందా?

బయటికి వస్తుంటే వెండెల్ పరిగెత్తుకొచ్చి నా పావడా పట్టుకున్నాడు. "అత్తా, ఇంటికి పోదామా?" అన్నాడు. మెట్ల మీద డీపోల్డ్ నిలబడి మా వంకే చూస్తున్నాడు. పిల్లాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఆ చేతిని తల్లికి అందించాను.

"నేను నీకేమీ కాను రా" అన్నాను.