ముంజేతి మచ్చ

మంగళవారం ఉదయం ఏడుంబావుకు ప్రిటోరియా స్టేషను పక్కనున్న టాక్సీల అడ్డాలో వలస తనిఖీ దళం మిహ్లోతి మషావాను పట్టుకుంది. ఆమె వయసు అరవై ఎనిమిది. రెండు కళ్లకూ శుక్లాలు. ఆపరేషను కోసం సరిహద్దు దగ్గరి మలములెలె నుంచి వచ్చింది. గుర్తింపు కార్డు తీసి చూపించింది. వాళ్లు కార్డు చూడలేదు, చెయ్యి చూపించమన్నారు. ముంజేతి మీద టీకా మచ్చ ఉంది. దక్షిణాఫ్రికాలో టీకా భుజానికి వేస్తారు. సరిహద్దు అవతల, మొజాంబిక్‌లో, ముంజేతికి వేస్తారు. ఆమెను వ్యాను ఎక్కించారు.

మచ్చను బట్టి మనిషిది ఏ దేశమో తేల్చడాన్ని నియమం చేసినవాడు మంత్రిగారి సలహాదారు హ్లయిసానీ చాబలాలా. "కార్డు కొనుక్కోవచ్చు, చెయ్యి కొనుక్కోలేరు" అని రేడియోలో అన్నాడు. ఆ మాటను పార్టీవాళ్లు టీషర్టుల మీద అచ్చు వేయించుకున్నారు.

తల్లి చనిపోయాక హ్లయిసానీనీ, చెల్లెలు టిన్యీకోనూ పెంచింది మిహ్లోతే. వాళ్లకు పెద్దమ్మ.

టిన్యీకో మమెలోదిలో బడిపంతులమ్మ. టాక్సీలో పెద్దమ్మ పక్కన కూర్చుని వచ్చినామె ఫోన్ చేసి చెప్పింది. టిన్యీకో క్లాసు వదిలి వరండాలోకి వచ్చి అన్నకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పెద్దమ్మను పట్టుకెళ్లారు."

"ఎవరు?"

"ఎవరేంటి? నీ వాళ్లే."

"మచ్చ చూశారా?"

"చూడక ఏం చేస్తారు? నువ్వు నేర్పిన చదువేగా! అప్పట్లో ఆస్పత్రి అవతలి వైపే దగ్గర. ఊరు ఊరంతా అటే వెళ్లి టీకాలు వేయించుకుంది. నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి ఒక్క ఫోన్ చెయ్యి. అంతే."

"చెయ్యలేనమ్మా. మంత్రి బావమరిది దగ్గర పనిచేసే తోటమాలిని పట్టుకుంటే చెయ్యలేదు. బిషప్పు వచ్చి అడిగితే చెయ్యలేదు. మొదటి ఫోన్ మా పెద్దమ్మ కోసం చేశానంటే రేపు పేపరు నిండా అదే. వచ్చే నెల వలసల బిల్లు సభకొస్తోంది. ఇన్నేళ్ల పని."

"ఆవిడకి కళ్లు కనపడవు అన్నయ్యా. అటువైపు ఎవరున్నారు ఆవిడకి?"

అతను ఫోన్ పెట్టేశాడు.

హ్లయిసానీ విద్యార్థి సంఘంలో నాయకులకు ఉపన్యాసాలు రాసిపెడుతూ మొదలయ్యాడు. పార్లమెంటు కమిటీలో పరిశోధకుడయ్యాడు. ముప్పై ఆరో ఏట మంత్రి పక్క గదిలోకి వచ్చాడు. కాన్పుల వార్డులోకి పంపే ముందు కార్డు అడగాలని రాసింది అతనే. ఒక ఆస్పత్రి గేటు దగ్గర వరుసలో నిలబడిన గర్భిణి చనిపోయింది. ఆ ఉత్తర్వు చెల్లదని కోర్టు చెప్పింది. అతను రాజీనామా చేశాడు. ఐదు నెలలకు కొత్త మంత్రి మళ్లీ పిలిపించుకున్నాడు. ఆ వారమే వలస వచ్చిన సోమాలీల దుకాణాలను జనం తగలబెట్టారు. "అగ్గిపుల్ల గీసింది నేను కాదు" అన్నాడు.

మధ్యాహ్నానికి టిన్యీకో నగరం బయట ఉన్న నిర్బంధ కేంద్రానికి చేరింది. గేటు దగ్గరి అధికారి పేరు సెఖోటో. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు మేడమ్. కానీ విచారణ అయ్యేదాకా మనిషిని పంపకుండా ఆపే వీలు మాకు పోయిన ఏడాది తీసేశారు. మూడింటికి బస్సు. పైనుంచి మాట రావాలి."

"పైనుంచంటే?"

"మంత్రిగారు, కాకపోతే సలహాదారుగారు. అదృష్టం బాగుంటే ఇక్కడే అడగండి. ఇద్దరూ వస్తున్నారు, టీవీ వాళ్లను వెంటేసుకుని."

కంచె అవతల ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. మిహ్లోతి ఒళ్లో ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో హ్లయిసానీ తింటాడని ఎండబెట్టి తెచ్చిన మసోంజా పురుగులు.

"పిల్లా, నువ్వేనా? బడి ఎగ్గొట్టి వచ్చావా?"

"నువ్వు ఎవరికీ ఏమీ చెప్పలేదు కదా పెద్దమ్మా?"

"చెప్పకేం? మా హ్లయిసానీ చాబలాలా మంత్రి ఆఫీసులో పెద్ద మనిషని చెప్పా. వీళ్లు నవ్వుతున్నారు."

పక్కనున్న ఫెలిస్‌మీనా నవ్వింది. ఆమెది మొజాంబిక్‌లో షాయ్‌షాయ్ దగ్గరి పల్లె. మిహ్లోతి మాట్లాడే భాషే మాట్లాడుతుంది.

"చాబలాలా తల్లట! ఆయన నీ కొడుకైతే నేను దేశాధ్యక్షుడి పెళ్లాన్ని. ఇక్కడ నీ మచ్చా నా మచ్చా ఒకటే అవ్వా. నోరు మూసుకుని కూర్చో, నీకే మంచిది."

"ఎందుకట?"

"ఆస్పత్రి గేటు దగ్గర పోయిన పిల్ల నా కూతురు."

మిహ్లోతి ఆమె చేతికోసం తడిమింది. ఫెలిస్‌మీనా చెయ్యి ఇచ్చింది. "వయసైపోయి ఏదో వాగుతోందిలే, వదిలెయ్యండి" అని మిగతావాళ్లతో అంది. తన దుప్పటిలో సగం ఆమె కిందికి జరిపింది.

రెండున్నరకు కార్లు వచ్చాయి. మంత్రి ముందు, హ్లయిసానీ వెనక, కెమెరాలు పక్కన. ఆడవాళ్లను లేపి బస్సు దాకా వరుసగా నిలబెట్టారు. టిన్యీకో కంచె పట్టుకుని "అన్నయ్యా!" అని పిలిచింది. హ్లయిసానీ ఆమెను చూశాడు. తర్వాత వరుసను చూశాడు.

మిహ్లోతి ఎదుటికి వచ్చేసరికి ఆగాడు. మంత్రి మాట్లాడుతూ ముందుకు వెళ్లిపోయాడు. హ్లయిసానీ మోకాళ్లు వంచి నేల మీదికి దిగాడు, తల వంచాడు. అరచేతులు రెండుసార్లు, మెల్లగా, చప్పుడయ్యేట్టు కలిపాడు. తెలియనివాళ్లకు దుమ్ము దులుపుకున్నట్టు ఉంది.

మిహ్లోతి ఆ చప్పుడు వింది. తను కూడా చప్పట్లు కలిపి, "అహే, నాన్నా" అని బదులిచ్చింది. సంచి ముందుకు చాపింది. అప్పటికి అతను లేచి నడుస్తున్నాడు.

మంత్రిది వేరే తెగ, వేరే భాష. "ఏమైందోయ్?" అన్నాడు.

"షూ లేసు ఊడింది సార్."

టిన్యీకో అతని బూట్లు చూసింది. వాటికి లేసుల్లేవు.

వరుసలో ఎవరూ నవ్వలేదు. చిన్నవాడు పెద్దామెకు పెట్టే దండం అది. సరిహద్దుకు ఇటైనా అటైనా ఆ భాష మాట్లాడేవాళ్లలో కన్నవాళ్లకూ పెంచినవాళ్లకూ అలాగే పెడతారు. మిహ్లోతిని నడిపించడానికి ఆమె భుజం మీద వేసిన చెయ్యి ఫెలిస్‌మీనా తీసేసింది.

"నిజమేనన్నమాట" అంది.

"చెప్పానుగా నేను" అంది మిహ్లోతి. ఆమె మొహంలో సంతోషం ఉంది. "ఇంక వాడే చూసుకుంటాడు."

టిన్యీకో సెఖోటో దగ్గరికి పరుగెత్తింది. "చూశారుగా! దండం పెట్టాడు, మీ కళ్లముందే!"

"లేసు కట్టుకున్నానన్నారు మేడమ్. నేను రాసుకోగలిగింది అదే."

"కనీసం ఆవిణ్ణి వేరే బస్సులో పంపండి. ఆవిడ ఎవరో వాళ్లకి తెలిసిపోయింది, వాళ్లతో వద్దు."

"ఉన్నది ఒక్కటే బస్సు."

మిహ్లోతి ఎక్కేటప్పుడు మెట్టు కనపడక తడబడింది. వెనకున్నవాళ్లలో ఎవరూ చెయ్యి అందించలేదు. సెఖోటో అందించాడు.

బస్సు మూడు దాటాక బయలుదేరింది. రాత్రయ్యాక సరిహద్దు దగ్గర లెబొంబో గేటు దాటింది. నెల తర్వాత బిల్లు సభలో నెగ్గింది. పెద్దమ్మ జాడ ఎక్కడా తెలియక టిన్యీకో కోర్టుకు వెళ్లింది. అక్కడ డ్రైవరు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఇది: గేటు దాటాక రోడ్డు పక్కన అందరినీ దించాడు. అందరికన్నా చివర సంచి పట్టుకుని ముసలామె దిగింది. ముందు దిగిన ఆడవాళ్లు వెళ్లిపోలేదు, రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. అతను బస్సు వెనక్కి తిప్పుకుంటూ గేటు దీపాల వెలుగులో అద్దంలో చూసినప్పుడు వాళ్లు ఆమె చుట్టూ ఉన్నారు.